ఉచితము – సముచితము

2025 దీపావళి వెళ్లిన తరువాతి ఆదివారమున మా బరంపురములో సంఘ కార్యవర్గము సమావేశమైనది. జమాఖర్చులు, కార్తీక వనభోజనముల ఏర్పాట్లు ముగిసినవి. కడపటి అంశము కార్యాలయములోని పాత కంప్యూటరు. దానిలోని విండోస్ 10కి అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ వారి మామూలు సంరక్షణ ముగిసినది. యంత్రము ఆగిపోలేదు. కాని క్రొత్త లోపములు బయటపడినప్పుడు సవరణలు రావు. విండోస్ 11 వేయుదమన్న, దాత ఇచ్చిన ఆ పాత పెట్టె అందులకు తగినది కాదు.

"డబ్బు పెట్టనక్కరలేని లినక్సు అనునది కలదు, వేయుదము" అని మేము ప్రతిపాదించినాము. వెంటనే అధ్యక్షులు కళ్లజోడు తీసి, "ఏమయ్యా గుమాస్తా! ఊరకే వచ్చినది దొంగసొత్తు కాక మరేమవుతుంది? పోయినసారి పడ్డది చాలలేదా?" అన్నారు. ప్రక్కనున్న కుర్ర సభ్యుడు, "తాతగారూ, అదీ ఊరకే, ఇదీ ఊరకే. తేడా ఏముంది? పోయినసారి వేయించినదే మళ్ళీ వేయిద్దాం, అలవాటైనది కదా!" అన్నాడు.

ఇరువురి మాటలును పొరపాటే. కాని మా నోట మాట రాలేదు. పోయినసారి ఆ పని చేయించినది మేమే.

మేము చేసిన తప్పు

రెండేండ్ల క్రిందట ఆ యంత్రము మొరాయించగా ఒక దుకాణమునకు మోసుకొనిపోయినాము. అచటి కుర్రవాడు మూడు వందల రూపాయలకు "అన్నీ వేసి" ఇచ్చినాడు. తాళము విప్పుటకని మరియొక చిన్న ప్రోగ్రామును కూడ వేసినాడు. రసీదు అడిగితే నవ్వినాడు. సంఘమునకు వేలు మిగిల్చితిమని మేమును మురిసిపోయినాము. ఆరు నెలలు తిరుగకముందే ఒక ఉదయమున సభ్యుల జాబితా తెరువబోగా తెరుచుకొనలేదు. ఫైళ్లన్నియు ఎవరో బీగము వేసినట్లు బిగిసిపోయినవి. ఆ తాళము విప్పిన ప్రోగ్రామే దొంగకు దారి చూపినదని తరువాత తెలిసినది.

ఆ జాబితా అనగా వట్టి పేర్ల పట్టిక కాదు. ఎవరి ఇంటిపేరు ఏది, ఏ ఊరినుండి ఎన్ని తరములక్రింద వచ్చినారు, ఎవరి పిల్లలు ఏ దేశమున ఉన్నారు, ఏ ముసలమ్మకు నెలనెల మందుల సాయము పంపవలెను అన్నవి అన్నియు అందులోనే ఉన్నవి. కోశాధికారిగారి యొద్ద రెండు నెలల నాటి నకలు ఒకటి ఉండబట్టి బ్రతికినాము. మిగిలిన రెండు నెలలవి రసీదు పుస్తకములు చూచి, రాత్రులు కూర్చుండి మరల వ్రాసినాము. సాయము అందవలసిన ఒక ఇంటికి ఆ నెల అందలేదు. అది ఈనాటికిని మాకు ముల్లువలె గ్రుచ్చుకొనుచున్నది.

కావున ఈసారి తెలిసి మాటలాడవలెనని పదిహేను దినములు వ్యవధి అడిగి, లైసెన్సు కాగితములు ముందర వేసుకొని కూర్చున్నాము. మేము చదివినది మెట్రిక్యులేషనే. కాని ఇరువది ఏండ్లుగా దస్తావేజుల మధ్య బ్రతుకువారము. చదువగా చదువగా ఇదియు ఒక దస్తావేజుల వ్యవహారమే అని తోచినది. మాకు బోధపడినది పాఠకుల ముందుంచుచున్నాము.

హక్కు ఎవరిది?

మన దేశమున 1957 నాటి కాపీరైటు చట్టము కలదు. కథ వ్రాసినవానికి కథ మీద హక్కు ఉన్నట్లే, ప్రోగ్రాము వ్రాసినవానికి ప్రోగ్రాము మీద హక్కు కలదు. చట్టము దృష్టిలో కంప్యూటరు ప్రోగ్రాము సాహిత్య రచనలలో ఒకటి. వ్రాసినవాడు అడుగనక్కరలేదు, దరఖాస్తు పెట్టనక్కరలేదు. వ్రాయుటతోనే హక్కు పుట్టును. ఆ హక్కుదారు "నీవు ఇంతవరకు చేయవచ్చును" అని ఇచ్చు అనుమతి పత్రమే లైసెన్సు.

దొంగప్రతి అని తెలిసియు వాడినవారికి ఈ చట్టపు 63బి సెక్షను క్రింద 7 దినములకు తగ్గకుండ 3 సంవత్సరముల వరకు జైలు, 50 వేలకు తగ్గకుండ 2 లక్షల వరకు జరిమానా కలదు. లాభమునకో వ్యాపారమునకో వాడనిచోట జైలు లేకుండ, 50 వేలకు మించని జరిమానాతో సరిపెట్టు అధికారము న్యాయస్థానమునకు కలదు. ధర్మసంఘము గదా అని చట్టము కళ్లు మూసికొనదు.

ఇక డబ్బిచ్చి కొన్న విండోస్ సంగతి. కొన్నామని మనమనుకొందుము. వారి పత్రములో మాత్రము ఇది అమ్మకము కాదు, అనుమతి మాత్రమే అని స్పష్టముగా వ్రాసి ఉన్నది. ఇల్లు కొనుట వేరు, అద్దెకుండుట వేరు గదా! ఇందులో నెలనెల అద్దె లేదు గాని, గోడ కదుపరాదు. ఒక యంత్రమునకు ఇచ్చిన అనుమతి ఆ ఒక్క యంత్రమునకే. యంత్రముతో కలిసి వచ్చినది సాధారణముగ ఆ యంత్రముతోనే పోవును. ఇందులో అన్యాయమేమియు లేదు. ఒప్పుకొని కొన్నవాడు ఒప్పుకొన్నట్లు నడుచుకొనవలెను. అంతే.

సత్రపు దానపత్రము

లినక్సు వంటివి మరి ఎట్లు? అధ్యక్షులవారి అనుమానము తీర్చుటకు మాకు సత్రపు దానపత్రము జ్ఞప్తికి వచ్చినది.

ఒక ధర్మాత్ముడు బాటసారులకు సత్రము కట్టించదలచినాడు. వట్టినే స్థలము వదలిపెట్టి "అందరిదీ" అని పోయినాడనుకొనుడు. పదేండ్లకు ఏ బలవంతుడో కంచె వేసికొనును. అందుచేత తెలివిగలవాడు ఏమి చేయును? స్థలము తనది గనుక, ఆ హక్కుతోనే పత్రము వ్రాయును: "ఇందు ఎవరైనను దిగవచ్చును, గదులు పెంచవచ్చును, బాగు చేయవచ్చును. కాని దీని వాకిలికి ఎవ్వరును తాళము వేయరాదు. పెంచిన గదులకును ఇదే షరతు." హక్కును వదులుకొనలేదు, హక్కునే కాపలా పెట్టినాడు.

సరిగా ఇటువంటి పత్రమునే అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ సాఫ్టువేరుకు వ్రాసినాడు. ఆయన పనిచేసిన ఎం.ఐ.టి. ప్రయోగశాలలో పాత ప్రింటరులో కాగితము ఇరుకుకొన్నచో అందరికిని కబురు పోవునట్లు తామే ప్రోగ్రాము సవరించుకొనెడివారు. తరువాత జిరాక్సు వారి క్రొత్త ప్రింటరు వచ్చినది. దాని ప్రోగ్రాము మూలప్రతి, అనగా మనుష్యుడు చదివి సవరించగల రూపము, రాలేదు. మరియొక విశ్వవిద్యాలయమున మూలప్రతి ఉన్నవారిని అడిగితే, ఎవరికిని ఇవ్వనని మాట ఇచ్చితినన్నారు. ఆ చేదు మనసులో పెట్టుకొని 1983లో ఆయన గ్నూ అను ఉద్యమమును ప్రకటించినాడు. 1989లో జి.పి.ఎల్. అను లైసెన్సు మొదటి కూర్పు వెలువడినది. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సు కెర్నెలును, అనగా ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయను, వ్రాసి పంచినాడు. మొదట ఆయన దానిని డబ్బుకు పంచరాదని షరతు పెట్టినాడు. 1992లో ఆ షరతు తీసివేసి జి.పి.ఎల్. క్రిందకు మార్చినాడు.

ఆ పత్రము ఇచ్చు స్వేచ్ఛలు నాలుగు: ఏ పనికైనను వాడుకొనుట, లోపల ఎట్లు పనిచేయునో చూచి మన అవసరమునకు మార్చుకొనుట, నకళ్లు పంచుట, మార్చినదానిని పంచుట. బదులుగా ఒక బాధ్యత కలదు. ఇతరులకు ఇచ్చునపుడు మూలప్రతియు, ఇదే స్వేచ్ఛయు వారికి దక్కనీయవలెను. మనవలె ఇంట వాడుకొని ఊరకుండువారికి ఈ బాధ్యత లేదు. ఎవరికిని పంచనిదే ఏమియు చూపనక్కరలేదు.

ఇంకొక తరహా పత్రము బి.ఎస్.డి. లైసెన్సు. అందలి దాత మరింత ఉదారుడు. శిలాఫలకముపై తన పేరు తీసివేయకున్న చాలును, ఆ తరువాత గదికి తాళము వేసికొన్నను అడుగడు. ఫ్రీ బి.ఎస్.డి. అను ఆపరేటింగ్ సిస్టమ్ ఈ కోవలోనిది.

ఆంగ్లమున "ఫ్రీ" అను ఒక్క మాటకే వెల లేనిదనియు, స్వేచ్ఛ గలదనియు రెండర్థములు ఉండుటచేత వారికి తికమక. మనకు "ఉచితము", "స్వేచ్ఛ" అని రెండు మాటలున్నవి. ఇంకొక విశేషమేమనగా, ఉచితమనగా తగినది అనియు అర్థము కలదు. వెల లేనిదెల్ల తగినది కాదు. మా మూడు వందల రూపాయల వ్యవహారమే అందులకు సాక్ష్యము.

ఊరకే ఇచ్చినవానికి హక్కుండునా?

ఈ సందేహము అమెరికాలో న్యాయస్థానము వరకు పోయినది. బర్కిలీలో భౌతికశాస్త్రము బోధించు రాబర్ట్ జేకబ్‌సన్‌కు ఆటరైళ్లన్న సరదా. ఆయనయు మిత్రులును ఆ రైళ్లను కంప్యూటరుతో నడుపు ప్రోగ్రాము వ్రాసి, వ్రాసినవారి పేర్లు చెరపరాదు మొదలగు షరతులతో ఉచితముగా పంచినారు. ఒక వ్యాపారి అందలి భాగములు తీసికొని, పేర్లు తొలగించి తన సరుకులో కలిపినాడు. క్రింది కోర్టు ఇది కాపీరైటు ఉల్లంఘన కాజాలదని ఆయన కోరిన ఉత్తరువు నిరాకరించినది. 2008లో పై కోర్టు ఆ అభిప్రాయమును త్రోసిపుచ్చినది. డబ్బు పుచ్చుకొనకపోయినను షరతులకు విలువ కలదు, షరతు మీరి నకలు తీసినవాడు కాపీరైటును మీరినవాడే అగునని తేల్చినది.

అనగా లినక్సును కాపాడునది, విండోస్‌ను కాపాడునది ఒకే చట్టము. ఈ మాట చెప్పగా అధ్యక్షులు, "అయితే ఇది దొంగసొత్తు కాదు, ధర్మసత్రమన్నమాట!" అన్నారు. "మరి పాతదో?" అని కుర్రవానిని అడిగితిమి. "పక్కింటి తాళం పగలగొట్టి దిగడం, బాబాయిగారూ" అన్నాడు. తేడా తెలిసిపోయినది.

ఎన్నుకొనునపుడు

మేము మా రెండు యంత్రములకు రెండు తీర్పులు చేసికొన్నాము. లెక్కల యంత్రములో ఆడిటరుగారు కోరు ప్రోగ్రాము విండోస్‌పైననే నడుచును. అందులకు సంఘము డబ్బు చెల్లించి, రసీదు తీసికొని, విండోస్ 11 అనుమతి కొన్నది. పట్టుదలకు పోయి పని చెడగొట్టుకొనరాదు. సభ్యుల జాబితా, పత్రిక వ్యాసములు ఉండు పాత యంత్రములో డెబియన్ అను లినక్సు వేసినాము. 1993లో ఆరంభమైన ఈ డెబియన్‌ను లోకమంతట స్వచ్ఛంద కార్యకర్తలు పోషించుచున్నారు. మన ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వారి బాస్ లినక్సుకును ఇదియే పునాది.

మాకు తెలుగును, ఒడియాయు రెండును కావలెను గదా. రెండును చక్కగ వచ్చినవి. లోహిత్ అక్షరములు రెండు లిపులకును స్వేచ్ఛా లైసెన్సుతోనే దొరకును. సిలికాన్ ఆంధ్ర వారు అటువంటి లైసెన్సుతోనే విడుదల చేసిన తెలుగు ఫాంట్లలో ఒకదాని పేరు "గిడుగు". మన పర్లాకిమిడిలో ఏండ్ల తరబడి ఉపాధ్యాయులుగా ఉండి వాడుక భాషకై పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారి పేరది. మా పత్రిక శీర్షికలు ఇప్పుడు ఆ అక్షరములతో వచ్చుచున్నవి. ఎవరికి పంపినను తప్పు లేదు.

ఇబ్బందులు లేవని చెప్పము. పాత స్కానరు రెండు వారములు మాట వినలేదు. ఇట్టి లైసెన్సులలో "హామీ లేదు" అని వ్రాసి ఉండును. చెడినచో నష్టపరిహారమడుగ వీలు లేదు. కొన్ని యంత్రభాగములకు మూలప్రతి లేని చిన్న ప్రోగ్రాములు అవసరమగును. 2023లో వచ్చిన డెబియన్ 12 నుండి అవియు స్థాపన ప్రతిలోనే చేర్చబడినవి. లినక్సు పెట్టెలో ఉన్నదంతయు ఒకే పత్రము క్రింద ఉండదు. దేని పత్రము దానిదే.

కావున గృహస్థులకు మా మనవి. ముందుగా మీ ఫోటోలు, కాగితములు వేరొక చోట నకలు తీసి ఉంచుకొనుడు. పెన్‌డ్రైవు నుండియే లినక్సును నడిపి, ప్రింటరు, తెలుగు అక్షరములు, పిల్లల చదువుకు కావలసినవి సరిపోయినవో లేదో చూచుకొనుడు. సరిపోయినచో స్థాపించుడు. సరిపోనిచో డబ్బిచ్చి అనుమతి కొనుడు. రెండును గౌరవమైన దారులే. మూడవ దారి వలదు.

చివరకు ఒక మాట. డెబియన్ వేయుటకు మేము వెళ్లినది మరల ఆ దుకాణమునకే. ఆ కుర్రవాడు గంటన్నర కూర్చుండి వేసి, మొగమాటపడుచు మూడు వందలు అడిగినాడు. అతని శ్రమకు వెల అడుగుటను ఆ లైసెన్సులు కాదనవు. మూడు వందలు అవే. కాని ఈసారి రసీదు అడుగగా నవ్వక వ్రాసి ఇచ్చినాడు. ఆ రసీదు సంఘపు ఫైలులో ఉన్నది.