ర్యాప్ అంటే బూతేనా?

ర్యాప్ పాట మొదలైందంటే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు దాని గొంతు నొక్కమంటారు. “పాటా అది? తిట్ల దండకం!” అని తీర్పు. తీర్పు చెప్పేవారిలో చాలామంది మూడు పాటలైనా ఆసాంతం విని ఉండరు.

పుట్టింట్లోనూ దాని గతి ఇంతే. 1996లో అమెరికాలో కారీ ఫ్రైడ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు ఒక తమాషా పరీక్ష పెట్టింది. 1960లో కింగ్‌స్టన్ ట్రయో అనే తెల్లవారి బృందం పాడిన జానపద గీతం ఒకటుంది. పోలీసును చంపినవాడి కథ అది. ఆ చరణాలే కాగితం మీద ఇచ్చి, కొందరికి జానపదమనీ, కొందరికి కంట్రీ పాట అనీ, ఇంకొందరికి ర్యాప్ అనీ చెప్పింది. అక్షరం మారలేదు. ర్యాప్ అనుకుని చదివినవారికి మాత్రం అది మరింత ప్రమాదకరంగా తోచింది. పాడినవాడు నల్లజాతివాడని చెప్పినా అదే వరస!

ఇది అభిరుచుల తగవుతో పోయేది కాదు. అక్కడి కోర్టుల్లో ముద్దాయి రాసుకున్న ర్యాప్ చరణాలను నేరానికి సాక్ష్యంగా జ్యూరీకి వినిపించిన కేసులు ఎన్నో ఉన్నాయి. నవలలో హంతకుడు ‘నేను’ అంటూ కథ చెబితే, రచయిత చేతికి సంకెళ్ళు వేస్తామా? చివరకు 2022లో కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేసి మరీ ఇలాంటి సాక్ష్యాలకు కళ్ళెం వేయవలసి వచ్చింది.

ఇంతకీ ఈ పాట పుట్టిన తీరు చూడండి. 1973 ఆగస్టు 11న న్యూయార్కులోని బ్రాంక్స్‌లో ఒక అమ్మాయి, బడి తెరిచేలోగా కొత్తబట్టలు కొనుక్కోవడానికి డబ్బు కావాలని, తామున్న భవనంలో ఒక పార్టీ పెట్టింది. ఆడపిల్లలకు పావు డాలరు, మగపిల్లలకు అర డాలరు టిక్కెట్టు. రికార్డులు వేసినవాడు ఆమె అన్న, డీజే కూల్ హెర్క్. ఇందులో బూతెక్కడుంది?

బూతుకు బేరం తర్వాత కుదిరింది. 1991లో అమెరికాలో రికార్డుల అమ్మకాల లెక్క దుకాణాల గల్లాపెట్టెల నుంచి నేరుగా రావడం మొదలైంది. కొద్దివారాలకే కాంప్టన్‌కు చెందిన ఎన్.డబ్ల్యు.ఏ. బృందం రికార్డు పట్టికలో మొదటి స్థానానికెక్కింది. తుపాకులూ తిట్లూ నిండిన పాటలవి. కంపెనీలకు కిటుకు తెలిసిపోయింది. ఊళ్ళో దొరికేదంతా అదే అయితే, ర్యాప్ అంటే అదేనని జనం అనుకోరూ?

ఆ రోజుల్లోనే, కాంప్టన్‌కు ఎంతో దూరం లేని లాస్ ఏంజిల్స్ పేటలో, ‘గుడ్ లైఫ్’ అనే ఆరోగ్య ఆహారాల దుకాణం ఉండేది. 1989 నుంచి అక్కడ గురువారం రాత్రుళ్ళు కుర్రకారు చేరి ర్యాప్ చెప్పేవారు. షరతు ఒక్కటే: బూతుమాట దొర్లకూడదు! నిషిద్ధాక్షరి చూసినవారికి ఈ మర్మం వెంటనే తెలుస్తుంది. అడ్డు కట్టినకొద్దీ కవి బుర్ర పదునెక్కుతుంది. చరణం చప్పబడితే, “దయచేసి మైకు పక్కవారికివ్వండి” అని సభ మొత్తం అరిచేది. మన పృచ్ఛకులే నయం! ఫ్రీస్టయిల్ ఫెలోషిప్ అనే గొప్ప ఆశుకవుల బృందం అక్కడే రాటుతేలింది. అక్కడ మైకు పట్టిన ఆవా డువెర్నే తర్వాత పేరున్న దర్శకురాలై, 2008లో ఆ దుకాణం మీదనే ఒక డాక్యుమెంటరీ తీసింది.

పెద్ద కంపెనీల ప్రాపకం లేని ఇటువంటి వారిని అండర్‌గ్రౌండ్ అంటారు. పేరు చూసి పోలీసులకు దొరకనివారని అనుకునేరు!

అయితే కుర్రవాళ్ళలో ఇంకొక మూఢనమ్మకం ఉంది. అంగట్లో అమ్ముడుపోయేదంతా చెత్త, చాటున ఉన్నదంతా అమృతం అని. నేనొప్పుకోను. చాటున నీరసపు ప్రాసలు కొల్లలు. పోతే, లక్షల్లో అమ్ముడుపోయే కెండ్రిక్ లమార్ కూడా ఆ కాంప్టన్‌వాడే. అతని ‘డ్యామ్’ అనే ఆల్బమ్‌కు 2018లో సంగీతంలో పులిట్జర్ బహుమానం వచ్చింది. అంతకుముందు ఆ బహుమానం శాస్త్రీయ సంగీతాన్నీ, జాజ్‌నూ దాటి రాలేదు. అందులో తిట్లు లేవా అంటే, ఉన్నాయి. పిల్లలతో కూర్చుని వినమని నేను చెప్పను. కాని తిట్టున్నంత మాత్రాన కవిత్వం కాదంటే ఎట్లా? బెంగళూరు నాగరత్నమ్మ అచ్చు వేయించిన ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను అశ్లీలమని 1911లో పోలీసులు పట్టుకుపోయారు. ఇవాళ దాని మీద విశ్వవిద్యాలయాల్లో పరిశోధనలు చేస్తున్నారు.