ఎపాక్సీ ప్రైమర్ (కారు రంగులు)

ఎపాక్సీ ప్రైమర్ అనేది కార్లకు రంగు వేసేటప్పుడు ఒట్టి రేకుపై మొదటగా పూసే రెండు భాగాల పూత. ఒక డబ్బాలో ఎపాక్సీ రెసిన్, మరొక డబ్బాలో హార్డెనర్ ఉంటాయి. రెండింటినీ కలిపినప్పుడు రసాయన చర్య జరిగి గట్టి పొర ఏర్పడుతుంది. ఈ పొర నీటిని, లవణాలను రేకు దాకా సులభంగా పోనివ్వదు. అందువలన తుప్పు నివారణకు దీనిని శ్రేష్ఠమైనదిగా పరిగణిస్తారు.

నేపథ్యం

ఎపాక్సీ రెసిన్లను 1930, 1940 దశకాలలో స్విట్జర్లాండుకు చెందిన పియరీ కాస్టాన్, అమెరికాకు చెందిన సిల్వాన్ గ్రీన్లీ వేర్వేరుగా అభివృద్ధి చేశారు. నేడు కర్మాగారాలలో కారు బాడీని తొట్టెలో ముంచి, విద్యుత్తు సాయంతో ఎక్కించే మొదటి పూత కూడా ఎక్కువగా ఎపాక్సీ ఆధారితమే. పాత కారును రేకు వరకు గీకినప్పుడు ఆ పూత పోతుంది. దాని స్థానాన్ని ఎపాక్సీ ప్రైమర్ భర్తీ చేస్తుంది.

ఇతర ప్రైమర్లతో పోలిక

* ఎన్.సి. ప్రైమర్: చౌక, త్వరగా ఆరుతుంది. అయితే దీని పొర తేమను పీల్చుకుంటుంది.
* ఎచ్ ప్రైమర్: ఇందులోని ఆమ్లం రేకును కొద్దిగా కొరికి పట్టు ఇస్తుంది. దీనిపై ఎపాక్సీ వేస్తే ఆమ్లం హార్డెనర్‌కు అడ్డుపడవచ్చు. కనుక సాధారణంగా రెండింటిలో ఒకదానినే వాడతారు.
* 2కె సర్ఫేసర్: మందంగా నిలిచి, సులభంగా సాండింగుకు లొంగుతుంది. గీతలు పూడ్చడానికి మంచిది. తుప్పు నివారణలో ఎపాక్సీకి సాటి రాదు.

ఎంపిక

మొదట చూడవలసినది ఉపరితలం. 2014లో ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడర్ వంటి పాత కార్లపై ఎన్.సి. రంగు ఉండవచ్చు. థిన్నర్‌తో తడిపిన గుడ్డతో రుద్దినప్పుడు రంగు కరిగి వస్తే దానిని పూర్తిగా తొలగించడం మేలు. లేనిచో కొత్త పూతలోని ద్రావకం వలన పాత రంగు ముడతలు పడుతుంది.

రెండవది హార్డెనర్ రకం. పాలిఅమైడ్ హార్డెనర్ నెమ్మదిగా గట్టిపడినా, తేమను బాగా తట్టుకుంటుంది, పొర కొంత వంగుతుంది. అమైన్ రకం త్వరగా గట్టిపడుతుంది కానీ, తేమ గాలిలో పైన జిడ్డు పొర ఏర్పడవచ్చు. ఇంటివద్ద రంగు వేసుకొనే ఔత్సాహికులకు పాలిఅమైడ్ రకం అనుకూలం.

వర్ణకం విషయంలో జింక్ ఫాస్ఫేటు ఉన్నది మేలు. క్రోమేటు రకాలు క్యాన్సర్ కారకాలు. ఉక్కు కట్టడాలకు వాడే జింక్-రిచ్ ఎపాక్సీ కారు రేకుకు తగదు.

మెట్ట ప్రాంతంలో వాతావరణ ప్రభావం

జగ్గయ్యపేట, నందిగామ పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలోని పట్టణాలు. ఇవి 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. ఇక్కడ వేసవి ఎండ తీవ్రం. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం దాదాపు రెట్టింపవుతుంది, కలిపిన ప్రైమర్ వాడకపు గడువు సగమవుతుంది. కాబట్టి వేసవిలో తెల్లవారుజామున, కొద్దికొద్దిగా కలుపుకొని, నెమ్మదిగా ఆరే థిన్నర్‌తో వేయడం మంచిది.

వానాకాలంలో సమస్య తేమ. రేకు వేడి మంచు బిందువు కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువగా ఉండాలి. లేకపోతే కంటికి కనిపించని నీటి పొర పూత కింద చిక్కుకొని, కొన్ని నెలలకు బొబ్బలుగా తేలుతుంది. సున్నపురాయి, సిమెంటు ధూళి ఉన్నచోట రేకును తుడిచిన వెంటనే ప్రైమర్ వేయాలి.

2023 జూలైలో మున్నేరు వరద నందిగామ సమీపంలోని ఐతవరం వద్ద 65వ నంబరు జాతీయ రహదారిపైకి వచ్చింది. వరద నీటిలో మునిగిన కారుకు బయట ప్రైమర్ వేసినంత మాత్రాన సరిపోదు. తలుపుల అడుగున నీరు పోయే రంధ్రాలు తెరిచి, లోపలి బురద కడిగి ఆరబెట్టాలి. తుప్పు లోపలి నుండే మొదలవుతుంది.

పూసే క్రమం

80 నుండి 180 నంబరు కాగితంతో రుద్ది, నూనె, ధూళి తుడిచి, తయారీదారు చెప్పిన నిష్పత్తిలో కలపాలి. కొన్ని రకాలను కలిపిన తరువాత 15–30 నిమిషాలు ఉంచాలి. ఎపాక్సీపై పుట్టీ, 2కె సర్ఫేసర్, రంగు వరుసగా వస్తాయి. తదుపరి పూతకు ఇచ్చిన గడువు దాటితే ఎపాక్సీని మళ్ళీ గరుకు చేయాలి. ఎండకు ఎపాక్సీ సుద్దలా పొడిబారుతుంది కనుక దానిని చివరి పూతగా వదిలివేయరాదు.

జాగ్రత్తలు

హార్డెనర్ చర్మానికి తగిలితే శాశ్వత అలర్జీ ఏర్పడవచ్చు. చేతి తొడుగులు, ద్రావక ఆవిరులను పీల్చే కార్ట్రిడ్జ్ మాస్కు తప్పనిసరి. ధూళికి కట్టుకొనే గుడ్డ సరిపోదు. నిప్పుకు దూరంగా, గాలి ఆడే చోట పని చేయాలి.