పొంగే రొట్టె

రొట్టె అనగానే మనకు జొన్నరొట్టె, సజ్జరొట్టె గుర్తుకు వస్తాయి. ఇవి పెనం మీద పలుచగా కాలుతాయి. వీటికి భిన్నంగా, లోపల దూదిలా పొంగి ఉండే రొట్టె మరొకటి ఉంది. ఈ రకం రొట్టెను మహారాష్ట్రలో పావ్ అని, ఒడిశాలో పావురుటి అని అంటారు. 1510లో గోవాను ఆక్రమించుకొన్న పోర్చుగీసువారి భాషలో రొట్టెకు గల పేరే ఈ మాటలలో నిలిచిపోయింది.

ఈ రొట్టె చేయడానికి యంత్రాలు, ఖరీదైన సరుకులు కావాలని చాలామంది అనుకొంటారు. నిజానికి గోధుమపిండి, నీరు, ఉప్పు, ఈస్టు ఉంటే చాలు. వీటికి తోడు కొంత ఓపిక ఉండాలి.

పిండి ఎందుకు పొంగుతుంది? ఈస్టు ఒక సూక్ష్మజీవి. అది పిండిలోని చక్కెరను ఆహారంగా తీసుకొని కార్బన్ డయాక్సైడ్ వాయువును విడుస్తుంది. పులియడం జీవుల పనేనని 19వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ ప్రయోగాలతో నిరూపించాడు. రాత్రి రుబ్బిన ఇడ్లీపిండి తెల్లవారేసరికి పొంగడం మీరు చూసే ఉంటారు. అక్కడ కూడా పనిచేసేవి సూక్ష్మజీవులే.

వాయువు పుడితే చాలదు, అది పిండిలో నిలవాలి. గోధుమపిండిని తడిపినప్పుడు అందులోని మాంసకృత్తులు గ్లూటెన్ అనే సాగే జిగురుగా మారుతాయి. బుడగలో గాలి నిలిచినట్లు ఈ జిగురులో వాయువు నిలుస్తుంది. జొన్న, రాగి పిండ్లలో గ్లూటెన్ లేదు. అందుకే ఆ రొట్టెలు ఇలా పొంగవు.

గ్లూటెన్ బలపడడానికి పిండిని చాలాసేపు పిసుకుతారు. కాని పిండిని తడిగా కలిపి రాత్రంతా ఉంచితే, పిసకకుండానే ఆ బలం వస్తుంది. న్యూయార్క్ నగరంలో రొట్టెలు చేసే జిమ్ లేహీ అనుసరించిన ఈ పద్ధతి 2006లో పత్రికల ద్వారా బాగా ప్రచారమయింది.

ఇక చేసే విధానం చూద్దాం. మైదా, గోధుమపిండి సమంగా కలిపి పావుకిలో తీసుకోండి. అందులో చిన్న చెంచాడు ఉప్పు, చిటికెడు ఈస్టు, సుమారు 190 మిల్లీలీటర్ల నీరు పోసి గరిటెతో కలిపి మూతపెట్టండి. వేసవిలో 6 నుంచి 8 గంటలు, చలికాలంలో 12 గంటలకు పైగా ఉంచాలి. పిండి రెండింతలై, పైన బుడగలు కనిపించాక, పొడిపిండి చల్లిన పీటపై నాలుగు వైపుల నుంచి మడిచి ఉండ చేయండి. నూనె రాసిన చిన్న గిన్నెలో దానిని మరో గంట ఉంచండి.

పొయ్యి దగ్గరి పని పెద్దల సాయంతోనే చేయాలి. దళసరి అడుగు గల పెద్ద గిన్నెలో ఉప్పు పరచి, మూతపెట్టి, పది నిమిషాలు వేడిచేయాలి. చిన్న గిన్నెను అందులో దింపి, మూతపెట్టి, మధ్యస్థమైన మంటపై సుమారు 45 నిమిషాలు కాల్చాలి. తరువాత రొట్టెను తిరగవేసి పైభాగం ఎర్రబడనివ్వాలి. అడుగున తడితే డొల్లగా మోగిన రొట్టె ఉడికినట్లే. చల్లారాకే కోయాలి. పరచిన ఉప్పు మళ్ళీ ఇదే పనికి వస్తుంది.

పిండి పొంగకపోతే నిరుత్సాహపడకండి. ఈస్టు పాతదేమో చూడండి. చక్కెర కలిపిన గోరువెచ్చని నీటిలో వేస్తే పది నిమిషాల్లో నురగ రావాలి. నురగ వస్తే ఈస్టు మంచిదే, పిండికి మరికొంత సమయం ఇవ్వాలి. మంచి రొట్టెకు ఎక్కువ డబ్బు అక్కరలేదు. పిండిని తొందరపెట్టకుండా ఉంటే చాలు.