పెట్టె మంచిదే... మీట తిప్పడం తెలియాలి!

పిల్లాడు ముచ్చటపడ్డాడని ఎలక్ట్రిక్ గిటార్ కొనిచ్చారు. దాంతోపాటు, పేరున్న యాంప్లిఫయర్లన్నిటి శబ్దాలూ పలికిస్తుందంటూ ఓ డిజిటల్ పెట్టె కూడా. తీరా మీటితే... కందిరీగలు ముసిరినట్టు ఒకటే రొద! 'డబ్బులు దండగ' అని నాన్న నిట్టూరుస్తాడు. 'నాకు చేతకాదేమో' అని అబ్బాయి గిటార్‌ని అటకెక్కిస్తాడు. నిజానికి తప్పు అబ్బాయిదీ కాదు, పెట్టెదీ కాదు. తెలియాల్సినవి మూడే మూడు సంగతులు.

ఇంట్లోనే రాక్ హోరు

రాక్ పాటల్లో వినిపించే ఆ గరగరలాడే గిటార్ నాదం వాల్వుల యాంప్లిఫయర్‌ని బాగా గట్టిగా పెడితే పుట్టింది. కనగానపల్లిలాంటి ఊళ్లో, గోడకు గోడ ఆనుకున్న ఇళ్ల మధ్య అంత మోత పెడితే ఇంకేమైనా ఉందా! ఆ చిక్కు తీర్చడానికి వచ్చినవే యాంప్ మోడలర్లు. యాంప్లిఫయర్ చేసే పనిని ఇవి లెక్కల్లోకి మార్చి, చిన్న శబ్దంలోనూ అదే నాదం వినిపిస్తాయి. 1998లో లైన్ 6 సంస్థ తెచ్చిన 'పాడ్'తో ఇవి ఇళ్లలోకి వచ్చేశాయి. కంప్యూటర్ ఉంటే 'న్యూరల్ యాంప్ మోడలర్' ఉచితంగానే దొరుకుతుంది.

కందిరీగలు ఎక్కడివి?

గిటార్ యాంప్లిఫయర్‌లోని స్పీకరు సుమారు 5 వేల హెర్ట్జ్ దాటిన సన్నటి శబ్దాలను చాలావరకు మింగేస్తుంది. హెడ్‌ఫోన్లు, మిక్సర్‌కి కలిపే పెద్ద స్పీకర్లు అలా మింగవు. అందుకే వాటిలో వినేటప్పుడు పెట్టెలోని 'క్యాబినెట్' మీట ఆన్‌లో ఉండాలి. మామూలు గిటార్ యాంప్‌కి కలిపితే ఆఫ్ చేయాలి. సగం గోల అక్కడే పోతుంది.

రెండోది గెయిన్. ఎక్కువైతే స్వరాలన్నీ కలిసి ముద్దయిపోతాయి. చాలనిపించిన చోటి నుంచి మరికాస్త తగ్గించి చూడండి. తీగ తీగా విడిగా పలుకుతుంది.

పట్టుచీర పాఠం

మూడోది మన చెవి చేసే మాయ. శబ్దం చిన్నగా ఉంటే బేస్, ట్రెబుల్ రెండూ మనకు తక్కువగా వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే ఈ సంగతి కొలిచి చెప్పారు. ఇంట్లో మెల్లగా వింటూ ఆ రెండూ పెంచేస్తే, వినాయక చవితి పందిట్లో పెద్ద స్పీకర్లు పెట్టగానే చెవులు గింగిర్లెత్తుతాయి. షాపు దీపాల కింద నచ్చిన ధర్మవరం చీరను గుమ్మం దాకా తెచ్చి, పగటి వెలుగులో చూసుకుని మరీ కొంటాం కదా? ఇదీ అంతే! ఎంత శబ్దంతో వాయించాలో అంత శబ్దంలోనే, వీలైతే తోటి వాద్యాలతో కలిపి విని మీటలు సరిచేసుకోవాలి.

కాబట్టి కొత్త పెట్టె కోసం బజారుకి పరుగెత్తకండి. ముందు అటక మీది గిటార్ దింపించండి!