డోర్న్‌ఫెల్డర్: సీసాలోని ద్రాక్షాపాకం

మన ఆలంకారికులు కవిత్వాన్ని మూడు పాకాలుగా విభజించారు. టెంకాయను పగులగొట్టినట్లు శ్రమిస్తేగాని రసమందనిది నారికేళపాకం. తొక్క ఒలిస్తే చాలు అందేది కదళీపాకం. నోట వేసుకోగానే రసం చిందేది ద్రాక్షాపాకం. ఈ భేదం ద్రాక్షసారానికీ వర్తిస్తుంది. ఏళ్ల తరబడి నేలమాళిగలో పరిపక్వం కావలసిన ఖరీదైన ఎర్ర వైన్లు నారికేళపాకమైతే, జర్మనీ సూపర్‌మార్కెట్లలో కొద్ది యూరోలకే లభించే డోర్న్‌ఫెల్డర్ అచ్చమైన ద్రాక్షాపాకం.

ఈ ద్రాక్ష పుట్టుక ఆసక్తికరమైనది. చల్లని జర్మన్ వాతావరణంలో ఎర్ర వైన్లు తరచు వెలవెలబోయేవి. వాటికి రంగు కూర్చడానికై 1955లో వైన్స్‌బెర్గ్‌లో ఆగస్ట్ హెరోల్డ్ అనే శాస్త్రజ్ఞుడు హెల్ఫెన్‌స్టైనర్, హెరోల్డ్‌రేబె అనే రకాలను సంకరపరచి దీనిని రూపొందించారు. 1868లో అక్కడ ద్రాక్షకృషి పాఠశాల ఏర్పడడానికి కారకుడైన ఇమ్మానుయేల్ డోర్న్‌ఫెల్డ్ పేరే దీనికి పెట్టారు. ఇతర వైన్లకు రంగు అరువిచ్చే పరిచారికగా పుట్టినది కాలక్రమాన తానే పీఠమెక్కింది. నేడు జర్మనీ ఎర్రద్రాక్షలలో సాగు విస్తీర్ణాన్ని బట్టి దీనిది ష్పేట్‌బుర్గుండర్ తరువాతి స్థానం.

దీని గుజ్జుకు రంగు లేదు. రంగునిచ్చే ఆంథోసయనిన్లు, వగరునిచ్చే టానిన్లు తొక్కలో ఉంటాయి. అందుకే రసాన్ని తొక్కలతోపాటే పులియబెడతారు. లీటరు రసంలోని సుమారు 17 గ్రాముల చక్కెర నుండి ఒక శాతం మద్యసారం ఏర్పడుతుంది. ఈ మార్పుకు జీవించి ఉన్న ఈస్టు కణమే అక్కరలేదని, దాని నుండి పిండిన రసమే చాలునని 1897లో ఎడ్వర్డ్ బూక్నర్ ప్రకటించారు. 1907లో నోబెల్ బహుమతి ఆయనను వరించింది. ఆపై బాక్టీరియాలు పదునైన మాలిక్ ఆమ్లాన్ని మృదువైన లాక్టిక్ ఆమ్లంగా మార్చితే పులుపు తగ్గి నునుపు వస్తుంది.

చవక సరుకు నమ్మదగినదేనా అన్న సందేహం సహజం. ‘క్వాలిటేట్స్‌వైన్’ అని రాసి ఉన్న ప్రతి సీసా మీద ఒక అధికారిక పరీక్షాసంఖ్య ఉంటుంది. ప్రయోగశాల విశ్లేషణలోను, రుచి పరీక్షలోను నెగ్గిన వైన్‌కే ఆ సంఖ్య లభిస్తుంది. ఈ నియమానికి ధరతో నిమిత్తం లేదు. ‘ట్రోకెన్’ అంటే చక్కెర లీటరుకు 9 గ్రాములకు మించదు. ‘లీబ్లిష్’ అయితే 45 గ్రాముల వరకు ఉండవచ్చు.

మన వంటలకు ఇది ఎందుకు నప్పుతుంది? మద్యసారం, వగరు రెండూ మిరపకారం మంటను పెంచుతాయి. వగరు తక్కువగా, పండు రుచి ఎక్కువగా ఉన్న డోర్న్‌ఫెల్డర్‌ను కాస్త చల్లబరచి, సుమారు 15 డిగ్రీల వద్ద సేవిస్తే గుత్తివంకాయకైనా, వేటమాంసపు ఇగురుకైనా జోడు కుదురుతుంది. మిగిలినదానికి బిరడా బిగించి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు రోజులు రుచి చెడదు.

ఒక భ్రమను మాత్రం వదలుకోవాలి. ఎర్ర వైన్ గుండెకు ఔషధమన్న ప్రచారానికి ఆధారంగా చూపే రెస్వెరట్రాల్ అందులో లీటరుకు కొద్ది మిల్లీగ్రాములే. కాగా 12 శాతం వైన్ వంద మిల్లీలీటర్లలో సుమారు తొమ్మిదిన్నర గ్రాముల మద్యసారం ఉంటుంది. ఏ కొద్ది మోతాదూ నిరపాయకరం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. కాబట్టి తాగనివారు కోల్పోయేదేమీ లేదు. తాగేవారు రుచి కోసమే, అదీ మితంగా, ఎప్పుడైనా ఒక గ్లాసు తీసుకోవడం మేలు. ఔషధమని నమ్మి తాగేవాడికన్నా రుచి తెలిసి చాలించేవాడే రసజ్ఞుడు.