మొగల్తూరు నుంచి మద్రాసుకు: నాట్యం, సినిమా చదువుల్లో మన వాటా ఎంత?

మొగల్తూరు పేరెత్తితే తెలుగువాళ్ళకి ముందు గుర్తొచ్చేది సినిమా. 1940లో కృష్ణంరాజు పుట్టింది ఈ ఊళ్ళోనే. 1955లో చిరంజీవి పుట్టిందీ ఈ ఊళ్ళోనే. ఒకే ఊరు రెండు తరాల కథానాయకుల్ని ఇచ్చిందని పత్రికలు రాస్తూనే వున్నాయి. అదే ఊరి పేటల్నుంచి కెమెరామన్లు, ఎడిటర్లు, డాన్సు మాస్టార్లు, దర్శకులు ఎందరొచ్చారని మాత్రం ఎవరూ అడగరు. ఈ వ్యాసంలో మేము అడగదలుచుకున్నది అదే. నాట్యాన్నీ సినిమానీ కాలేజీ చదువుగా చదువుకునే దారి ఎలా వుంది, ఆ దారిలో మన పిల్లలు ఏ మలుపు దగ్గర ఆగిపోతున్నారు అన్నది ఇక్కడ ప్రశ్న.

కృష్ణంరాజు క్షత్రియ కుటుంబం నుంచి వచ్చినవారు. 1966లో 'చిలకా గోరింకా'తో తెర మీదికొచ్చారు. చిరంజీవి కథ కొంచెం వేరు. తండ్రి పోలీసు కానిస్టేబుల్. నరసాపురం వై.ఎన్. కాలేజీలో బి.కాం. చదివి, 1976లో మద్రాసు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో నటన నేర్చుకోడానికి చేరారు. 1978కల్లా తెర మీద వున్నారు. దీన్ని అభిమానులు స్వయంకృషి అంటారు. కృషి వుంది, కాదనం. అయితే ఆ కృషికి ఆసరాగా నెలనెలా జీతమొచ్చే ఇల్లుంది, సంపాదన లేకుండా కొన్నాళ్ళు మద్రాసులో నిలబడే వెసులుబాటుంది, అద్దెకి గది అడిగితే కులం అడ్డురాని పరిస్థితి వుంది. ఈ మూడూ లేనివాడి కృషి నరసాపురం రైల్వేస్టేషన్ దాటదు. 1987లో కె. విశ్వనాథ్ తీసిన 'స్వయంకృషి'లో చిరంజీవి చెప్పులు కుట్టే సాంబయ్యగా వేసి నంది బహుమతి అందుకున్నారు. చెప్పులు కుట్టేవాడి బతుకు తెరకెక్కింది. చెప్పులు కుట్టే ఇంటి పిల్లవాడికి ఆ కెమెరా వెనక నిలబడే చోటు ఎక్కడుందన్నది అలాగే మిగిలింది.

అయినా ఆ కథలో మనకి పనికొచ్చే సంగతొకటి వుంది. కానిస్టేబుల్ కొడుక్కి సినిమా తలుపు తెరిచిన వాటిల్లో చదువు ఒకటి. జమీందారీ డబ్బు, నిర్మాతల చుట్టరికం లేనివాడికి ఇన్‌స్టిట్యూట్ అన్నది ఒక మెట్టు. ఆ మెట్టు ఇప్పుడెక్కడుందో, ఎంత ఎత్తుందో తెలుసుకోవాలి.

ముందు నాట్యం సంగతి చూద్దాం. మన విశ్వవిద్యాలయాల్లో నాట్యం అంటే ముఖ్యంగా కూచిపూడి, కొన్నిచోట్ల భరతనాట్యం. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 1988లో మొదలైన సరోజినీ నాయుడు స్కూలులో ఈ రెండూ పి.జి. స్థాయిలో చెప్తారు. 1985లో పెట్టిన తెలుగు విశ్వవిద్యాలయం (2025లో తెలంగాణ ప్రభుత్వం దీనికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది) కూచిపూడికి ఒక శాఖ, జానపద కళలకి ఇంకో శాఖ పెట్టింది. విజయవాడ ఘంటసాల ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల లాంటి చోట్ల సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులున్నాయి. చదువులో ఏముంటుంది? అడవులు, జతులు, శబ్దాలు, తరంగం, పదాలు, భామాకలాపం, వాటితోపాటు నాట్యశాస్త్రం, అభినయదర్పణం. పాఠ్యక్రమం చూస్తే నాట్యమంతా సంస్కృత గ్రంథాల్లోంచి దిగి, కృష్ణా జిల్లా కూచిపూడి అగ్రహారంలో కాలుమోపి, నేరుగా యూనివర్సిటీ స్టేజి ఎక్కినట్టుంటుంది.

మధ్యలో జరిగిందేమిటి? గోదావరి డెల్టాలో గుళ్ళల్లో, జమీందార్ల ఇళ్ళల్లో, పెళ్ళి మేజువాణీల్లో ఆడినవాళ్ళు కలావంతులు. అత్తిలి దగ్గర బల్లిపాడు మదనగోపాలస్వామి గుడిలో సరిదె ఇంటిపేరున్న స్త్రీలు, ముమ్మిడివరం, మురమండ స్త్రీలు పదాలూ జావళీలూ అభినయించారు. ఇదంతా మొగల్తూరుకి ఒక పూట ప్రయాణం. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది. ఆ స్త్రీలు ఆడటం తప్పయింది. వాళ్ళ పదాలూ జావళీలూ మాత్రం తప్పు కాలేదు, అవి వేరేవాళ్ళ కచేరీల్లోకి వెళ్ళాయి. అప్పటిదాకా మగవాళ్ళు, అందునా కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ళు మాత్రమే ఆడిన కూచిపూడి, 20వ శతాబ్దం మధ్యలో మధ్యతరగతి ఆడపిల్లల విద్యగా మారింది. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. కూచిపూడివాడే అయిన వేదాంతం రాఘవయ్య అంతకుముందే సినిమాల్లో నాట్యం నేర్పి, 'దేవదాసు' (1953) దర్శకుడయ్యారు. అగ్రహారం నుంచి మద్రాసు స్టూడియోకి దారి అప్పటికే పడింది.

కలావంతులు దళితులు కారు. ఆ తేడా చెరిపెయ్యడం మా ఉద్దేశం కాదు. దళిత స్త్రీల మీద పడింది జోగిని, బసివి, మాతమ్మ అనే ఇంకా కఠినమైన కట్టు. దాన్ని ఆపడానికి ఆంధ్రప్రదేశ్ చట్టం 1988లోగానీ రాలేదు. కానీ రెండుచోట్లా ఒకటే సూత్రం పనిచేసింది. ఆడిన ఒంటిని నీతి పేరుతో బయటికి గెంటారు, ఆటని సంస్కృతి పేరుతో లోపలికి తీసుకున్నారు.

ఇక డప్పు. మాదిగల డప్పు లేకుండా జాతర లేదు, చావు లేదు, ఇప్పుడు సినిమాలో మాస్ పాటా లేదు. డప్పు కొడుతూ వేసే అడుగుకి లెక్కుంది, వరసలుంది, నడుము వంచి తిరిగే చోట శ్వాసకి పద్ధతుంది. ఇది నేర్పడానికి తాతలున్నారు, చిన్నాన్నలున్నారు. కానీ పి.జి. నాట్యానికి దరఖాస్తు చేస్తే 'ముందు శిక్షణ' కాలమ్‌లో చిన్నాన్న పేరు రాయలేం. డిగ్రీ పట్టాతోపాటు నాట్యంలో ప్రవేశం వున్నట్టు ఆడి చూపించాలి. ఆ ప్రవేశం ఆరేడేళ్ళ వయసునుంచి నెల ఫీజు కట్టి, గజ్జెపూజ చేయించి, అరంగేట్రానికి లక్షలు పెట్టినవాళ్ళకి దొరికేది. రిజర్వేషన్ సీటు జాబితాలో వుంటుంది. ఆ సీటుదాకా నడిచే పదేళ్ళ దారికి రిజర్వేషన్ లేదు. సీటు ఖాళీగా మిగిలితే 'అర్హులు దొరకలేదు' అంటారు. అంతే సంగతులు.

మన పేటల్లో పిల్లలకి స్టేజి లేదా అంటే, వుంది. నరసాపురం కేంద్రంగా 1836లో మొదలైన గోదావరి డెల్టా మిషన్ తర్వాత ఈ ప్రాంతపు పేటల్లో బడితోపాటు చర్చి వచ్చింది. క్రిస్మస్‌కి వేసే నాటకం, యాక్షన్ సాంగు, అంబేద్కర్ జయంతికి ఊరేగింపులో ఆట, బడి వార్షికోత్సవంలో సినిమా పాటకి డాన్సు, ఇవే మన అరంగేట్రాలు. 'పసివాడి ప్రాణం' (1987)లో చిరంజీవి బ్రేక్ డాన్సు చూసి నేర్చుకున్న తరం ఈ జిల్లాలో లెక్కలేనంత వుంది. వాళ్ళకి గురువు టీవీ పెట్టె. వాళ్ళలో కొందరు రికార్డింగ్ డాన్సు ట్రూపుల్లో చేరారు. ఆ డాన్సు చేసే ఆడపిల్లని ఊరు ఏమంటుందో అందరికీ తెలుసు. అదే స్టెప్పు సినిమాలో హీరోయిన్ వేస్తే దానికి అవార్డు వుంటుంది.

నలుపు రంగు మాట కూడా ఇక్కడే చెప్పాలి. కేరళలో ఆర్.ఎల్.వి. రామకృష్ణన్ దళితుడు, నటుడు కళాభవన్ మణి తమ్ముడు, నాట్యంలో పిహెచ్.డి. చేసినవాడు. 2024 మార్చిలో ఒక పేరున్న నర్తకి, మోహినీయాట్టం ఆడే మగవాణ్ణి కాకి రంగుతో పోల్చి మాట్లాడింది. అది ఆయన్నేనని అందరికీ అర్థమైంది. రాష్ట్రమంతా గొడవైంది. 2025 జనవరిలో ఆయన కేరళ కళామండలంలో భరతనాట్యం అధ్యాపకుడిగా చేరాడు. పోరాడి తెచ్చుకున్న పట్టా ఎక్కడ పనికొస్తుందో ఈ ఉదాహరణ చెప్తుంది. తిట్టినవాళ్ళ నోరు మూయలేకపోయినా, తరగతి గదిలో పాఠం చెప్పే కుర్చీ ఇప్పించింది.

సినిమా చదువులో ఒక మేలుంది. ముందు శిక్షణ అడగరు. పుణెలో 1960లో పెట్టిన ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కీ, కలకత్తాలో 1995లో వచ్చిన సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌కీ దర్శకత్వం, ఛాయాగ్రహణం, ఎడిటింగ్ లాంటి మూడేళ్ళ కోర్సుల్లో చేరడానికి ఏదైనా డిగ్రీ వుంటే చాలు. వై.ఎన్. కాలేజీ బి.కాం. అయినా సరే. కేంద్ర ప్రభుత్వ సంస్థలు కాబట్టి ఎస్సీలకి 15 శాతం, ఎస్టీలకి 7.5 శాతం సీట్లుంటాయి. ఈ సంగతి మన డిగ్రీ కాలేజీల నోటీసుబోర్డు మీద ఎప్పుడూ కనపడదు. బ్యాంకు పరీక్ష కనపడుతుంది, డి.ఎస్సీ. కనపడుతుంది.

అడ్డంకులు లేవని కాదు. ప్రశ్నపత్రం తెలుగులో వుండదు. రాతపరీక్ష దాటాక ఇంటర్వ్యూలో ఏ సినిమాలు చూశావని అడుగుతారు. ఊళ్ళో ఆడిన సినిమాలే చూసినవాడు రష్యా, ఇటలీ దర్శకుల పేర్లు చెప్పలేక నీళ్ళు నములుతాడు. ఫీజు ఇంకో గోడ. 2019 డిసెంబరులో పుణె విద్యార్థులు ఏటా పెరిగే ఫీజుల మీద, ప్రవేశపరీక్ష ఫీజు మీద నిరాహారదీక్ష చేశారు. హైదరాబాద్‌లో పెద్ద స్టూడియోలు పెట్టిన ప్రైవేటు ఫిల్మ్ స్కూళ్ళ సంగతి మనం ఎత్తుకోనక్కర్లేదు, ఆ ఫీజుకి మన వీధిలో ఇల్లు లేస్తుంది.

సీటొచ్చాక కూడా కులం వెంట వస్తుంది. కొట్టాయంలో దేశపు మొదటి దళిత రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ పేరుతోనే ఒక ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వుంది. ప్రవేశాల్లో రిజర్వేషన్ పాటించలేదని, పారిశుధ్య సిబ్బంది చేత డైరెక్టరు ఇంటి పని చేయించారని ఆరోపిస్తూ 2022 డిసెంబరులో అక్కడి విద్యార్థులు సమ్మెకి దిగారు. 2023 జనవరిలో డైరెక్టరు రాజీనామా చేశారు. ఆ పేరు పెట్టిన బోర్డు కిందే ఇది జరిగింది.

మరి మన పిల్లవాడు ఎందుకు ఇంత కష్టపడి కెమెరా నేర్చుకోవాలి? ఎందుకంటే తెర మీద మనం ఎప్పటినుంచో వున్నాం, తీసిన చేతుల్లో లేము. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశారు. ఆ రోజుల్లో అది సాహసమే. కానీ కథ నడిచింది హరిజనోద్ధరణ చూపుతోనే, ఉద్ధరించే చెయ్యి పైనుంచే వచ్చింది. సాంకేతిక విషయం కూడా చూడండి. కోడాక్ కంపెనీ దశాబ్దాలపాటు రంగుల ఫిల్ము ప్రింటింగుని సరిచూసుకున్నది 'షర్లీ కార్డు' అనే తెల్లజాతి స్త్రీ ఫోటోతో. తెల్ల చర్మం బాగా వస్తే రంగు సరిగ్గా వున్నట్టే. నల్ల ముఖానికి లైటు ఎంత పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నది అలా కొలత బయట మిగిలిపోయింది. కెమెరా చదివిన నల్లవాడు ఆ కొలత మారుస్తాడు.

మారుస్తున్నవాళ్ళున్నారు. నాగరాజ్ మంజులే పుణె ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కలేదు. అహ్మద్‌నగర్‌లో ఒక కాలేజీలో కమ్యూనికేషన్ చదువుతూ, చదువులో భాగంగా 'పిస్తుల్యా' అనే చిన్న సినిమా తీశాడు. దానికి జాతీయ బహుమతి వచ్చింది. తర్వాత 'ఫాండ్రీ' (2013), 'సైరాట్' (2016) వచ్చాయి. పా. రంజిత్ చెన్నై ప్రభుత్వ లలితకళల కళాశాలలో చదివి, 2012లో 'అట్టకత్తి'తో మొదలుపెట్టాడు. ఇద్దరికీ దారి చూపినవి ఇంటికి మరీ దూరం కాని, మరీ ఖరీదు కాని మామూలు కాలేజీలు. పెద్ద సంస్థలో రెండు సీట్ల కోసం కొట్లాడుతూనే, నరసాపురంలో, భీమవరంలో డిగ్రీ కాలేజీల్లో సినిమానీ నాట్యాన్నీ సబ్జెక్టుగా పెట్టమని ఎందుకు అడగకూడదు? అదీ ముందు శిక్షణ షరతు లేకుండా, మొదటి అడుగునుంచి నేర్పేలాగా.

పాఠం ఎవరు చెప్తారంటారు. చెప్పేవాళ్ళున్నారు. 2022లో యు.జి.సి. 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' పేరుతో, పట్టా లేకపోయినా 15 ఏళ్ళ అనుభవం వున్న నిపుణుల్ని పదిశాతం దాకా తీసుకోవచ్చని మార్గదర్శకాలు ఇచ్చింది. చిందు యక్షగానం కళాకారుడు గడ్డం సమ్మయ్యకి 2024లో పద్మశ్రీ వచ్చింది. పద్మశ్రీ ఇవ్వగలిగిన ప్రభుత్వం తరగతి గది ఇవ్వలేదా? డప్పు మాస్టారుకి రోజుకూలీ ఇచ్చి గవర్నరు ముందు కొట్టించడం మానేసి, జీతమిచ్చి పాఠం చెప్పించమని అడగాలి.

డబ్బు విషయంలో తెలిసివుండాల్సినవి కొన్ని. ఎస్సీ పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్‌కి కుటుంబ ఆదాయం ఏటా 2.5 లక్షలు మించకూడదు. అది గుర్తింపు వున్న సంస్థల కోర్సులకే వర్తిస్తుంది. మూడు నెలల్లో యాక్టింగు, ఆరు నెలల్లో డైరెక్షన్ అని బోర్డు పెట్టినచోట కడితే ఆ డబ్బు గోదాట్లో పోసినట్టే. విదేశాలకెళ్ళి నాట్య చరిత్ర చదువుదామనుకునేవాళ్ళకి ఇంకో సంగతి. ఎస్సీ తదితర విద్యార్థులకిచ్చే జాతీయ విదేశీ స్కాలర్‌షిప్ నుంచి భారతీయ సంస్కృతి, చరిత్ర మీద చదువుల్ని 2022లో కేంద్రం తీసేసింది. మన చరిత్ర మనం బయట కూర్చుని రాయడానికి డబ్బివ్వమని దాని అర్థం.

ఇంట్లో ఒప్పించడం అన్నిటికన్నా కష్టం. మా ఇళ్ళల్లో యూనివర్సిటీ గేటు మొదట చూసింది మేమే, కాబట్టి అమ్మానాన్నల భయం మాకు తెలుసు. మొగల్తూరు మండలంలో డిగ్రీ పిల్లవాడికి ఎదురుగా కనపడే పని రొయ్యల షెడ్డు. 2017 మార్చి 30న నల్లంవారితోటలో రొయ్యల ప్లాంటు ట్యాంకులో విషవాయువుకి ఐదుగురు కూలీలు చచ్చిపోయారు. అయినా మర్నాటి కూలి ఆ వైపునుంచే రావాలి. అలాంటి ఇంట్లో మూడేళ్ళు పుణె వెళ్తానంటే తల్లి ముందు అడిగేది కళ గురించి కాదు, నెలకెంత పంపాలని. ఆ లెక్క చెప్పడానికి ఉపాధ్యాయుడు ఒక పూట ఆ ఇంటికెళ్ళి కూర్చోవాలి. కులం పత్రం, ఆదాయం పత్రం డిగ్రీ మూడో ఏడు మొదట్లోనే తీయించాలి. కాలేజీలో ఒక గోడ మీద తెర కట్టి వారానికొక సినిమా చూపించి మాట్లాడించాలి. సెల్‌ఫోన్ వున్న పిల్లలచేత తమ పేటలో డప్పు మాస్టారు చేతులు, వేళ్ళు, అడుగులు దగ్గరగా తీయించాలి. ఇంటర్వ్యూలో ఏం తీశావని అడిగితే చూపించడానికి అది చేతిలో వుంటుంది.