విదేశంలో వేసవి శిక్షణ - అదునూ, పదునూ

వేసవి సెలవుల్లో విదేశీ ప్రయోగశాలకు వెళ్ళి ఒక ఆచార్యుని దగ్గర రెండు మూడు నెలలు పని నేర్చుకునే పద్ధతి ఒకటుంది. దాన్నే ఇంటర్న్‌షిప్ అంటున్నారు. అది ఐఐటీ వాళ్ళకూ, డబ్బున్న వాళ్ళకూ తప్ప మనకెక్కడిదని మన హాస్టళ్ళలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. పోటీ గట్టిదన్న మాట నిజమే. కానీ మనలో చాలామందిమి పోటీలో ఓడిపోవడం లేదు. అదును దాటాక నిద్ర లేస్తున్నాం, అంతే.

సేద్యంలో లాగే ఇక్కడా అదును ముఖ్యం. మే నెల ప్రయాణానికి విత్తనం ముందటేడు ఆగస్టు, సెప్టెంబరుల్లోనే పడాలి. కెనడా వారి మిటాక్స్ గ్లోబలింక్ పథకం పన్నెండు వారాలది. మన దేశపు విద్యార్థులకూ అవకాశముంది. అయితే తిరిగి వచ్చాక ఇంకా కొంత చదువు మిగిలి ఉండాలి. అంచేత మూడేళ్ళ బీఎస్సీ వాళ్ళకు ఫైనలియర్‌లో అప్లై చేద్దామంటే కుదరదు. జెనీవా దగ్గరి సెర్న్ సంస్థది ఇందుకు తిరగబడిన లెక్క: వేసవి నాటికి కనీసం మూడేళ్ళ యూనివర్సిటీ చదువు పూర్తి కావాలి. భారతదేశం 2017లో సెర్న్‌కు అసోసియేట్ సభ్యదేశమైంది. భౌతికశాస్త్రం, గణితం, కంప్యూటర్లు చదివేవాళ్ళు అటు చూడవచ్చు. జపానులో ఒకినావా శాస్త్ర సాంకేతిక సంస్థ కూడా విదేశీ విద్యార్థులను ఇంటర్న్‌లుగా తీసుకుంటుంది. అమెరికాలో ఆర్.ఇ.యు. పేరుతో పెద్ద పథకమున్నా, ఆ ప్రభుత్వ నిధులు అక్కడి పౌరులకూ, శాశ్వత నివాసులకూ మాత్రమే. దాని కోసం రాత్రుళ్ళు మేలుకోనక్కరలేదు.

పథకాలు కాక, ఆచార్యులకు నేరుగా ఉత్తరం రాయడం మరో దారి. ఒకే ఉత్తరాన్ని వందమందికి పంపితే చెత్తబుట్టకే పోతుంది. ఒక ఆచార్యుని ఇటీవలి పేపరు ఒకటి చదివి, అందులో మనకు అర్థమైనదేదో, అడగవలసిందేదో రెండు వాక్యాల్లో రాయాలి. మన చేతికొచ్చిన పని, టైట్రేషన్ కానీ, పైథాన్ కానీ, ఉన్నదున్నట్టు చెప్పాలి. పేజీ దాటకూడదు. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఒక్కసారి గుర్తు చేస్తే చాలు.

లెక్చరర్లకు ఒక మనవి. సిఫారసు పత్రంలో "మంచి విద్యార్థి, క్రమశిక్షణ గలవాడు" అంటే అక్కడి వాళ్ళకేమీ తెలియదు. మా చేత మీరు ఏ ప్రయోగం చేయించారో, మేమెట్లా చేశామో రాయండి.

పాస్‌పోర్టు ముందే తీసి ఉంచుకోవాలి. మామూలు దరఖాస్తుకు రుసుము 1,500 రూపాయలు. పోలీసు విచారణకు రోజులు పడతాయి. వీసా పనికి తగినదై ఉండాలి, టూరిస్టు వీసా మీద పరిశోధనకు పోరాదు. అమెరికాకైతే జె-1 వీసా, దానికి డి.ఎస్.-2019 అనే పత్రం పిలిచిన సంస్థే ఏర్పాటు చేయాలి. మన సెమిస్టరు పరీక్షలు ఎప్పుడో పరీక్షల విభాగంలో అడిగాకే తేదీలకు ఒప్పుకోవాలి.

ఇక అసలు సంగతి డబ్బు. సెర్న్, మిటాక్స్‌ల దరఖాస్తుకు పైసా కట్టనక్కరలేదు. ఎంపికైన వారికి ప్రయాణానికీ, బసకూ సహాయం అందుతుంది. కాబట్టి "సీటు ఇప్పిస్తాం, ఫీజు కట్టండి" అనే ఏజెంటు కనబడితే దూరంగా జరగండి. పిలుపు రాగానే కాగితం మీద మూడు ప్రశ్నలు వేసుకోండి: విమానం టికెట్టు ఎవరిది? అద్దె ఎవరిది? ఆరోగ్య బీమా ఎవరిది? మూడింటికీ రాతపూర్వకంగా జవాబు లేకపోతే ఆ పిలుపు వదులుకోవడమే మేలు. మనం అడిగితే ఇంట్లో వాళ్ళు కాదనరు. పొలం కాగితాలు తాకట్టు పెట్టయినా తెస్తారు. కాదనరు గనకే ఆ లెక్క ముందు మనం చూసుకోవాలి. రెండు నెలల శిక్షణకు ఎకరం పొలం ఖరీదు కాదు.

విదేశం కుదరకపోయినా ఆ శ్రమ వృథా కాదు. మన దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఏటా వేసవి పరిశోధనా ఫెలోషిప్పులిస్తున్నాయి. అదే బయోడేటా, అదే సిఫారసు అక్కడా పనికొస్తాయి. అక్కడ పని నేర్చినవాడి ఉత్తరానికి మరుసటేడు బరువు పెరుగుతుంది.